ఎత్తని చెయ్యి

మా త్రెబీచ్ ఊరి కోరస్‌లో ఒక పద్ధతి ఉంది. రిహార్సల్లో ఎవరైనా తప్పు పాడితే, పాట ఆపకుండానే చెయ్యెత్తాలి. తప్పు నాదే, నాకు తెలిసింది అని దానర్థం. మాస్టారు తలూపి ముందుకు సాగిపోతారు. ఇరవై రెండేళ్ళలో నేను ఎన్నిసార్లు ఎత్తానో లెక్కలేదు.

ఆ శనివారం పొద్దున మాత్రం ఎత్తలేదు.

సాయంత్రం కచేరీ. చర్చిలో చలికి కోట్లు విప్పకుండానే నిలబడ్డాం. బ్రనో నగరం నుంచి ఆర్కెస్ట్రా వచ్చింది. ఏడాదిగా నేర్చుకున్న పెద్ద లాటిన్ పూజాగానాన్ని వాళ్ళతో కలిసి పాడడం అదే మొదలు. నా పక్కన ఎప్పటిలాగే వ్లస్తా గారు. ఆవిడకు డెబ్బై ఒకటి. మేమిద్దరం ఆల్టోలం, ఆడగొంతుల్లో కింది వరస. ఎక్కడ ఊపిరి పీల్చాలో నాకు నేర్పింది ఆవిడే. ఎండాకాలం నుంచి ఆవిడకు కుడిచెవి సరిగా వినపడడం లేదు. ఇక మానుకుంటే మంచిదని మాస్టారు ఒకరిద్దరితో అన్నారని కూడా మాకందరికీ తెలుసు.

ఆ గానంలో విశ్వాస ప్రమాణం అనే భాగంలో, ప్రభువును సమాధి చేసిన చోట అందరం గొంతు తగ్గించి ఆగిపోతాం. ఒక్క వాయిద్యం మోగదు. ఆ నిశ్శబ్దం తర్వాతే ట్రంపెట్లతో కలిసి ‘మూడవనాడు లేచెను’ అని అందుకోవాలి. మాస్టారి చెయ్యి ఇంకా కిందే ఉంది. నేను అందుకున్నాను. ఒక్కదాన్నే. నా గొంతు పైకప్పు దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

“ప్రభువు ఈసారి రెండో రోజే లేచేశాడు,” అన్నాడు ట్రంపెట్ ఊదేవాడు. ఆర్కెస్ట్రా అంతా నవ్వింది.

మాస్టారు నవ్వలేదు. ఆయన చూపు మా వరస వెంట వచ్చి వ్లస్తా గారి దగ్గర ఆగింది. నా చెయ్యి కోటు జేబులో ఉంది. బ్రనో వాళ్ళు మా వైపే చూస్తున్నారు. నవ్వు తగ్గాక ఎత్తుదాంలే అనుకున్నాను.

వ్లస్తా గారు అటూ ఇటూ చూసి, మెల్లగా తన చెయ్యెత్తారు.

“వ్లస్తా గారూ, సాయంత్రం ఆ చోట పెదవులు కదపండి, చాలు,” అన్నారు మాస్టారు.

“ఆ ఒక్కచోటే ఎందుకులెండి మాస్టారూ. కూర్చునే వింటాను.”

మధ్యాహ్నం పక్కగదిలో అందరికీ వెల్లుల్లి సూప్ పోశారు. ఆవిడ చెంచా ముంచి అలాగే ఉంచారు.

“నేను పాడినట్టే అనిపించలేదు ద్రాషా. అదే భయంగా ఉంది. పాడానో లేదో నాకే తెలియకపోతే ఎలా?”

అప్పుడైనా చెప్పాల్సింది.

“చల్లారిపోతోంది, తాగండి,” అన్నాను.

సాయంత్రం ఆవిడ మూడో బల్ల మీద కూర్చున్నారు. కచేరీకని ఇస్త్రీ చేసుకున్న నల్లగౌనే వేసుకొచ్చారు. ఒళ్ళో పాటల పుస్తకం తెరిచి ఉంది. ఆ నిశ్శబ్దం వచ్చింది. ఎవరూ కనీసం దగ్గలేదు. నేను సరిగ్గా అందుకున్నాను, బాగానే పాడాను.

“చూశావా, ఇప్పుడెంత శుభ్రంగా వచ్చిందో,” అంది వెనకవరస ఆవిడ, కోటు తొడుక్కుంటూ. నేను తలూపాను.

బయట మెట్ల మీద వ్లస్తా గారిని పట్టుకున్నాను. “పొద్దున ముందుగా అందుకున్నది నేనండీ. మీరు కాదు.”

ఆవిడ చేతొడుగు తీసి నా చెంప నిమిరారు. “మా అమ్మాయీ ఇలాగే ఓదారుస్తుంది నన్ను.”

“ఓదార్పు కాదు, నిజంగా నేనే.”

“సరే, నువ్వే. ఇంద, ఇది పట్టుకెళ్ళు.” రుమాలులో చుట్టిన గసగసాల కోలాచ్, తియ్యరొట్టె, నా సంచిలో పెట్టారు.

దాన్ని తినలేకపోయాను, ఇంట్లో ఎవరికీ పెట్టలేకపోయాను. మంగళవారం దాకా అల్మారాలో అలాగే ఉండి గట్టిపడింది.

మంగళవారం రిహార్సల్లో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మాస్టారు క్రిస్మస్ పాటల కాగితాలు పంచి పియానో ముందు కూర్చున్నారు. నేను చెయ్యెత్తాను.

“ఏంటి ద్రాషా, ఇంకా మొదలే పెట్టలేదుగా. ఈసారి ముందే తప్పు చేసేశావా?”

అందరూ నవ్వారు. చెయ్యి దించలేదు.

“ఇది శనివారం పొద్దుటిది మాస్టారూ. ఆ గొంతు నాది.”

ఆయన కళ్ళజోడు తీసి ఖాళీ కుర్చీ వైపు చూశారు.

“ఆవిడకు ఫోన్ చేసి చెప్పు మరి,” అన్నారు.

“మీరే చెయ్యండి. నేను చెబితే నమ్మరు.”