పత్రిక అడుగున నంబరు

ఇది మాఘమాసంలో జరిగిందో, ఫాల్గుణంలో జరిగిందో ఈ కథ చెప్పేవాడికి రూఢిగా తెలియదు. ఎవరో చెప్పగా విన్నది కూడా కళ్ళారా చూసినట్టే అనిపించే వయసుకు అతను వచ్చాడు. ఆ రోజు ఆదివారమనీ, ముహూర్తం పదీ ఇరవైకనీ మాత్రం గట్టిగా చెప్పగలడు.

తిరుపతిలో ఒక ప్రెస్సువాళ్ళు అచ్చువేసిన పెళ్లిపత్రికలన్నిటి అడుగునా "వివరాలకు" అని ఒకే నంబరు ఉండేది. అది నిర్మలమ్మది. మేడమీది ఒంటిగదిలో ఆమె ఒక్కతే ఉండేది. పొద్దున్నే కాఫీ కాచుకుని ఫోను ముందు కూర్చునేది.

"రిసెప్షను ముందురోజు సాయంత్రమేనప్పా. పెళ్లినాటి సాయంత్రం పట్టుచీరలతో దిగితే ఖాళీ కుర్చీలే ఉంటాయి. బస్టాండులో కొండబస్సు ఎక్కేసేరు, తిరుమలలో తేలతారు. అలిపిరి సిటీబస్సు ఎక్కండి. పెళ్లి పైన, భోజనాలు కింద. చెప్పులు మెట్లకాడ విడవద్దు, సంచిలో పెట్టుకోండి."

ఫోను పెట్టేశాక ఆమె గొంతు, ఫోను చేసిన పెళ్లిచుట్టంతోబాటు బయలుదేరేది. మలుపు వచ్చినప్పుడు "ఎడమకప్పా" అని చెప్పేది. చుట్టం విస్తరి ముందు కూర్చుని తొలి ముద్ద మింగాక వెనక్కి వచ్చేది. "ఆయమ్మ గొంతుండాది లే, యాడికీ తప్పిపోము" అని ముసలివాళ్ళు కూడా ధైర్యంగా బస్సెక్కేవాళ్ళు. ముహూర్తాల రోజుల్లో ఒక్కో ఫోనుకూ ఒక్కో పాయగా వెళ్ళిపోగా, ఆమెకు తనదంటూ గొంతు మిగిలేది కాదు. పాలవాడికి తల ఊపి ఊరుకునేది. మధ్యాహ్నం రసం వాసనతో తిరిగొచ్చిన గొంతును గుటకవేసి, తన గిన్నెలోని అన్నం తినేది. ఊళ్ళో పెళ్లిళ్ళన్నీ ఆమెకు తెలుసు. ఏ పెళ్లికీ ఆమెను పిలిచినవాళ్ళు లేరు.

ఆ ఆదివారం పెళ్లి ఆమె తమ్ముడు దొరస్వామి కూతురు సుజనది. దొరస్వామీ భార్యా మామిడికాయల మండీ పనిమీద తిరుగుతుంటే, పన్నెండేళ్ళు వచ్చేదాకా ఆ పిల్లను పెంచింది నిర్మలమ్మే. తమ్ముడితో మాటలు పోయి పదకొండేళ్ళు. వాళ్ళ ఇంట పెళ్లికూతురికి బాసికం కట్టేది మేనత్త. మేనత్త బతికుండగా ఆ దారం మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. కానీ ఆమెను ఎవరూ పిలవలేదు. పిలుపంటే ఫోను కాదు, పత్రిక కాదు. గడప దగ్గరికి వచ్చి కుంకుమ భరిణె చేతికి అందించాలి. అది లేకుండా సొంత తమ్ముడింటి పెళ్లిపందిట్లోనైనా ఆమె అడుగుపెట్టదు.

మూడు రోజులుగా ఆ పెళ్లికి వచ్చేవాళ్ళందరికీ ఆమే దారి చెప్పింది. ఒక పెద్దాయన "నువ్వూ వస్తాండావా మ్మా?" అని అడిగితే, "చెప్పులు సంచిలో పెట్టుకోన్నా" అంది.

తొమ్మిదింటికి ఆఖరి ఫోను వచ్చింది.

"ఏమండీ, ఈ పేరుతో మండపాలు రెండుండాయా? మా డ్రైవరు సత్యవేడాయన, ఈ ఊరు తెలీక ఇంకోదాని ముందర తెచ్చి నిలిపినాడు. ఈడ బోర్డుమీద ఎవురో పెళ్లికూతురు ఉండాది. నేనే కదా పెళ్లికూతుర్ని!" అని నవ్విందొక ఆడపిల్ల.

నిర్మలమ్మ ఆ నవ్వును గుర్తుపట్టింది. కారు వెనక్కి తిప్పమని, నీళ్ళట్యాంకు దాటి కుడిపక్క సందు పట్టమని చెప్పింది.

"అత్తా?" అంది సుజన.

"ముహూర్తం దగ్గర పడతాండాది. పో మ్మా."

గొంతులో మిగిలిన ఆఖరి పాయ అలా వెళ్ళిపోయింది. పోయాక గానీ ఆమెకు తట్టలేదు, తాళి పడేదాకా పెళ్లికూతురు ఏమీ తినదని. అందాకా గొంతు వెనక్కి రాదు, సుజన పక్కనే ఉండిపోతుంది. పిలవని పెళ్లికి తను పోయినట్టే. నిర్మలమ్మ సిగ్గుతో తలుపు వేసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

మండపంలో పంతులు బాసికం పట్టుకుని, "మేనత్త ఎవరమ్మా?" అని అడిగాడు.

"ఎవురో ఒకరు కట్టండి సామీ" అన్నాడు దొరస్వామి. వరసకు పిన్నమ్మ ఒకావిడ చెయ్యి చాచింది.

"నిదానంగా కట్టు పిన్నమ్మా" అంది సుజన పక్కనుంచి గొంతు. "దాని ఎడమ కణత మీద చిన్నప్పటి దెబ్బ ఉండాది. ఒత్తుకుంటే ఇప్పటికీ నొస్తాది."

దొరస్వామి చాలాసేపు కూతురి కణతవైపు చూశాడు. అక్కడ అలాంటిదొకటి ఉన్నట్టు ఆయనకు తెలియదు.

"అక్కా, నీ ఇల్లు యాడ?" అన్నాడు.

"ఎందుకు?"

"పిలిచేదానికి."

"ముహూర్తానికి నలభై నిమిషాలే ఉండాయి రా."

"దారి చెప్పక్కా, చాలు."

"బిరీన రా నాయనా" అని పంతులు గడియారం చూసుకున్నాడు. గొంతు సుజన పక్కనుంచి లేచి దొరస్వామి వెంట మెట్లు దిగింది.

తలుపు తట్టిన చప్పుడికి నిర్మలమ్మ వచ్చి తీసింది. కన్యాదానం చేయాల్సిన తండ్రికి కూడా ఉపవాసమే. అందుకే గొంతు ఆయనతోనే ఉంది. ఆమెకు మాట లేదు. మండపం నుంచి తెచ్చిన కుంకుమ భరిణె తెరిచి ఆయన ముందుకు పట్టాడు. ఆమె కుంకుమ అద్దుకుని, చీర కూడా మార్చుకోకుండా బయలుదేరింది.

ఆటోలో ఇద్దరూ చెరో పక్కకు చూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఆమె గొంతు, "ఎడమకప్పా, గుంతలుండాయి, మెల్లగా" అని ఆటోవాడికి దారి చెబుతూ వచ్చింది. పదీ పదిహేనుకు నిర్మలమ్మ బాసికం కట్టింది. దీవించడానికి గొంతు ఇంకా తనలోకి రాక, పిల్ల తలమీద చెయ్యి ఉంచి నిలబడింది.

ఆటోలో గొంతు దారి తప్ప ఇంకేమీ చెప్పనట్టు ఈ కథ నడిచింది. నిజానికి ఇంకొక మాట అంది. అది విని దొరస్వామి, ముహూర్తం దగ్గరపడుతున్నా, ఆటో ఆపించి రోడ్డు పక్కన కాసేపు నిలబడ్డాడు. ఆ మాట ఏమిటో ఈ కథ చెప్పేవాడికి తెలుసు. అది వాళ్ళిద్దరిది కాబట్టి కావాలనే వదిలేశాడు.