బొజ్జప్ప పొందిన విత్తనము

రాత్రియెల్ల నెడతెగక కురిసి యలసిన మేఘమండలము తెల్లవారునప్పటికి పడమటి కొండల మీదికి మెల్లమెల్లగా తొలగిపోవుచుండ దాని చిరుగుల నడుమనుండి వెడలిన బాలభానుకిరణములు నల్లబండపల్లె మెట్టపొలముల మీద బడి సహజారుణమైన యా నేలను మఱింత యెఱ్ఱజేయుచుండెను. వేసవియెల్ల నెండి బీటలువారి దుమ్మురేపిన యా భూమి మృగశిర కార్తెలోని యొక్క వానకు నాని పిడికిట బట్టిన ముద్దకట్టి విడిచిన పొడియగునంతటి పదును దాల్చియుండెను. ఆ పదును సేద్యగాని కొఱకు వేచియుండునది కాదు. పడమటిగాలి తిరిగెనేని మిట్టనేల మఱునాటికే యారును; పల్లపునేల యింకొకపూట యోర్చును. అంతలోపల వేరుసెనగ విత్తనము పడెనా పంట. పడదా మఱియొక వాన వచ్చుదాక నాకసము వంక జూచుటయే పని.

ఆ యూరి సేద్యగత్తె తిప్పక్కకు మిట్టన నొక చెక్కయు పల్లమున నొక చెక్కయు గలవు. ఆమె పెనిమిటి సుంకన్న కాలు విఱిగి మంచముననుండుటచేత నాగలియు కొడవలియు సంసారమును నామెయే మోయుచుండెను. పొరుగువానికి తాను చేసిన కలుపుపనికి మాఱుగా వాని కాడెద్దులను రెండుదినములకు దెచ్చుకొని విత్తనము వేయు గొర్రును సిద్ధముచేసి యామె యా యుదయమే రైతుసేవా సంఘపు వాకిట వరుసలో నిలిచెను. విత్తనపు సంచులు గోదాములో గవాక్షమునుండి గానవచ్చునట్లు కప్పుదాక పేర్చబడి యుండెను.

పూర్వము సంఘపు కార్యదర్శి గంగులప్ప మనిషి మొగము జూచి సంచి యిచ్చెడివాడు. ఈ యేడు నగరమునుండి క్రొత్త యేర్పాటు వచ్చెను. రైతు చిన్న గాజుపలక మీద బొటనవ్రేలుంచవలె. కంప్యూటరు వాడెవ్వడో గుర్తించి వంతు చెప్పవలె. అపుడు గాని గోదాము తలుపు తీయరాదు. మొదట నిలిచిన మల్లప్ప వ్రేలుంచెను. యంత్రము సరేయనెను. మల్లప్ప సంచి భుజమున వైచుకొని పోయెను. రెండవది తిప్పక్క.

గంగులప్ప తెర వంక జూచి కండ్లద్దములు తుడుచుకొని మఱల జూచెను.

“మే తిప్పక్కా, నీవు విత్తనం తీసకపోయినావంట కదమ్మే.”

“యాడ తీసకపోతి మామా? ఇప్పుడే గదా వస్తి. నీ కండ్ల ముందరే నిలబడుకోనుండా.”

“నేను సెప్పల్యా, ఇది సెప్తాంది. బొజ్జప్ప గారు తమ వంతు విత్తనము పొందియున్నారంట.”

“బొజ్జప్ప యెవురు?”

వెనుక నిలిచిన యోబులేసు నోరు కట్టుకొనియుండువాడు కాడు. “నీవేనంట లేక్కా. మీసం పెంచుకోని రాపో, గుర్తు పడ్తాది,” అనగా వరుసయంతయు నవ్వెను. ఆ నవ్వింకను సద్దుమణగకమునుపే యాతడు ముందునకు వచ్చి తన వ్రేలుంచెను. బొజ్జప్ప గారు తమ వంతు విత్తనము పొందియున్నారు.

“ఇదేందబ్బా, నేనూ వాడేనా,” అని యాతడు గొణిగెను. ఈ పర్యాయ మెవ్వరును నవ్వరైరి.

ముసలివారును పడుచువారును స్త్రీలును పురుషులును నొకరి వెనుక నొకరు వ్రేలుంచిరి. ఏ తల్లియు నుయ్యెలలో బిలిచియెఱుగని యా పేరొక్కటియే యందఱికిని మొగముగా నేర్పడెను. నల్లబండపల్లెలో నేకాలమునను లేని మనుష్యుడు తన విత్తనము తాను పొంది తృప్తుడైయుండ కండ్లయెదుట నున్నవారెల్ల లేనివారైరి.

“మామా, నేనెవురో నీకు తెల్దా?” అని తిప్పక్క మెల్లగా నడిగెను.

“తెల్దా యేందమ్మే. మీ నాయన పెండ్లి మ్యాళంలో పలక కొట్టినోన్ని నేను. నాకు తెలిసి ఏం లాభం, దానికి తెలియల్ల గదా.”

“దానికి తెలిసేదాంక పదును నిలుస్తాదా?”

గంగులప్ప తల వంచుకొని ఫోను మీటలు నొక్కసాగెను. ఎఱిగియు నెఱుగననిపించుకొనుటకు యంత్రమొక చాటు దొరకినచో మనుష్యుడెంత సుఖముగా దాని వెనుక డాగునో యాతని వంచినతల చెప్పుచుండెను. ఫోను మీద ఫోను చేయగా నగరమువారు రేపు మనిషిని బంపెదమనిరి. ఆ సాయంకాలము పడమటిగాలి తిరిగెను. కాడెద్దులు దినమెల్ల గట్టున గడ్డి నమలుచు నిలిచియుండెను.

మఱునాడు పొద్దెక్కినపిదప జీపు దిగిన యింజనీరు శశాంక్ దురుసువాడు కాడు. చెప్పులు బైటవిడిచి లోనికి వచ్చినవాడు. కంప్యూటరు ముందు గూర్చుండి కొంతసేపు జూచి యాతడు నాలుక గఱచుకొనెను.

“సారీ అండీ. ఇది మా టెస్టింగ్ యూజర్. తీసేయడం మర్చిపోయారు.”

“అంటే యేందప్పా? మాకర్థమయ్యేటట్ల సెప్పు,” అని తిప్పక్క యనెను.

“ప్రోగ్రాం రాసేటప్పుడు ప్రతిసారీ నిజం రైతుని తెచ్చి వేలు పెట్టించలేం కదమ్మా. అందుకని గుమ్మం దగ్గర ఒక డమ్మీ మనిషిని పెట్టుకుంటాం. ఎవరొచ్చినా ఆయనే వచ్చాడని లోపలికి చెప్తుంది. తర్వాత వంతు సరిగ్గా లెక్క కడుతోందా, రసీదు వస్తోందా, సంచులు తగ్గుతున్నాయా, అవన్నీ చూస్తాం. అందరూ అలాగే చేస్తారు. తప్పు కాదు.”

“ఆ పేరు యాడిది?”

“నేనే పెట్టానమ్మా. ఏదో ఒక పేరు.”

“మేమంతా ఏదో ఒక పేరేనా నాయనా?”

ఇంజనీరు తల వంచుకొని మీటలు నొక్కి యా కృత్రిమపురుషుని గుమ్మమునుండి తొలగించెను. ఇక మీ పేరే వచ్చునని చెప్పి తిప్పక్కను వ్రేలుంచుమనెను. ఆమె బొటనవ్రేలు చీర చెఱగున దుడుచుకొని గాజుపలక మీద నుంచెను. వ్యక్తి గుర్తింపబడలేదు. ఓబులేసు నుంచెను. గుర్తింపబడలేదు. నిన్న బొజ్జప్ప వంతుగా విత్తనము గొనిపోయిన మల్లప్పయు బ్రతిమాలగా వచ్చి యుంచెను. అతడును గుర్తింపబడలేదు.

శశాంకుని మొగము పాలిపోయెను. “గుమ్మం దగ్గర అసలు మనిషి వేలు... ఎప్పుడూ నిజంగా పెట్టి చూడలేదండీ. డమ్మీతోనే పరీక్షలన్నీ పాసయ్యాయి.”

లోపలిగదులను శోధించువాడు వాకిట నొక బొమ్మను నిలుపుకొనుట దోషము కాకపోవచ్చును. పనివాని సౌకర్య మది. కాని యా బొమ్మ తలయూపిన ప్రతిసారియు నంతయు సరిగా నున్నదని విఱ్ఱవీగి, ద్వారమునకు మనుష్యులను గుర్తించు శక్తి గలదో లేదో యొక్కనాడైనను విచారింపక, ప్రాణము గల రైతును దాని యెదుట నొక్కసారియైనను నిలువబెట్టక, కార్తె కార్తెకు బ్రతుకులు వ్రేలాడు పల్లెలకు దానిని దెచ్చి బిగించుట మఱపు కాదు. మఱపని పిలువబడు నిర్లక్ష్యమది. మఱచినవారి జీతములలో దమ్మిడియు దఱుగదు. నిలిచినవారి నేలలో పదును దఱుగును.

తిప్పక్క గొంతు హెచ్చింపలేదు. హెచ్చింపకుండుటచేతనే యందఱును వినిరి.

“ఇల్లు కడ్తిరి. గదులన్నీ తిరిగి సూస్తిరి. తలుపొగటే సూడకపోతిరి. యాలంటే మీరెప్పుడూ లోపలే ఉంటిరి. బయట నిలబడేది మేము గదా.”

శశాంకుడు మఱల మీటల వైపు తిరిగెను. “సాయంత్రానికి సరిచేయిస్తాను, లేకపోతే రేపు పొద్దున,” అని మాత్రమనెను.

“రేపటికి నా పల్లపుసెక్క గూడా ఆరిపోతాది. మిట్టసెక్క పొద్దున్నే ఆరిపోయింది,” అని యామె వెనుదిరిగెను.

అపుడు గంగులప్ప లేచెను. లేచి కంప్యూటరు మీట నార్పి మొలనుండి తాళపుచెవుల గుత్తి తీసెను. గోదాము తలుపు తెఱచి వాకిలికడ్డముగా నిలిచి, “రా తిప్పక్కా. ఏమప్పా ఎనకుండేటోల్లు, ఈయమ్మ ఎవురు?” అని యడిగెను.

“తిప్పక్క,” అని వరుసయంతయు నొక్కగొంతున బలికెను.

“సుంకన్న పెండ్లాము. సంగటి బాగ సేస్తాది గానీ మాటలే కారమెక్కువ,” అని యోబులేసు చేర్చెను.

“తీసకపో.”

శశాంకుడు దగ్గఱకు వచ్చి, “పై ఆఫీసుకు ఏం చెప్పమంటారండీ?” అని మెల్లగా నడిగెను.

“గంగులప్ప మొగాలు సూసి ఇచ్చినాడని సెప్పు. ఉజ్జోగం పీకితే పీకనీ. బొజ్జప్ప ఇచ్చినాడని మాత్రం సెప్పాకు.”

వెనుకవాడు ముందువానికి సాక్ష్యము పలుకుచుండ సంచులొక్కటొక్కటిగా వెడలెను. చిట్టచివర నున్నవానికి సాక్ష్యము పలుక వెనుక నెవ్వరును లేకపోగా నప్పటికే సంచి గొన్నవారిలో నలుగురు మరలివచ్చి పలికిరి. ఇంజనీరు తిప్పక్క వంతైన రెండు సంచులను దన జీపున వైచుకొని యామెతో పొలమునకు బోయెను. ఎవ్వరును రమ్మనలేదు, వలదనలేదు.

పల్లపుచెక్కలో నింకను దడి మిగిలియుండెను. ఎద్దులు నడచెను. గొర్రు చాళ్లలో గింజలు పడెను. గోదామునకు తాళమువైచి వచ్చిన గంగులప్పయు పంచె యెగగట్టి చాళ్లను గప్పుటకు గుంటక దోలెను. మిట్టచెక్క గట్టునకు వచ్చినపుడు తిప్పక్క యెద్దుల నాపి వంగి పిడికెడు మన్ను తీసి పిసికెను. అది ముద్దకట్టక వ్రేళ్ల సందులనుండి పొడియై రాలిపోయెను. ఆమె మిగిలిన సంచి మూతి గట్టి కాడి విప్పెను.

పొద్దు నడినెత్తి దాటినది. గట్టు మీద ముంతలో రాగిసంగటియు మూకుడులో నూరిబిండి పచ్చడియు నుండెను. తిప్పక్క సంగటిని మూడు ముద్దలుగా జేసి యొకటి గంగులప్పకును నొకటి శశాంకునకును బెట్టి మూడవది తాను తీసికొనెను. ఇంజనీరు ముద్ద నెట్లు త్రుంచవలెనో తెలియక క్షణము తటపటాయించి గంగులప్పను జూచి నేర్చుకొనెను. ఒకవంక క్రొత్తచాళ్లతో ముదురెఱుపెక్కిన పల్లము. వేఱొకవంక గాలికి సన్నని దుమ్ము లేచుచున్న మిట్ట. మువ్వురును మిట్టవైపు మొగము చేసి కూర్చుండి తినిరి.