తిరగేసిన బండలు

కాలు పెట్టగానే బండ ఊగింది. కిందినుంచి బురదనీళ్లు చిమ్మి, అప్పుడే పిండి తెచ్చిన తెల్లదుప్పటి మీద పడ్డాయి. "చూసుకుని నడవొచ్చుగా," అన్నాడు భర్త కిటికీలోంచి. ఇరవై రెండేళ్లుగా ఆ పెరటి గచ్చు మీద ఆమె చూసుకునే నడుస్తోంది. ఏ బండ ఊగుతుందో, ఎక్కడ నాచు పట్టిందో, ఏ సందులో గడ్డి మొలిచిందో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. మిగతావాళ్లకు అది బట్టలారేసే చోటు. ఆరేసేది ఆమే కాబట్టి ఆ చోటెలా ఉందో ఎవరికీ పట్టలేదు.

దుప్పటి మళ్లీ ఉతుకుతూ అనుకుంది, ఈ గచ్చు బాగుచేయాలని. నిజానికి ఆమెకు కావలసింది గచ్చు కాదు. సాయంత్రంపూట ఆయనా తనూ చెరో కుర్చీ వేసుకుని ఏదో ఒకటి మాట్లాడుకునే చోటు. కూతురు హాస్టల్‌కి వెళ్లాక ఇంట్లో మాటలు "వడ్డించనా", "గడియ వేశావా" దగ్గర ఆగిపోయాయి.

"దానికి డబ్బు తగలేయాలా? నీకు పనేం లేనట్టుంది," అని నవ్వాడాయన. "ఈ వయసులో రాళ్లు మోసే సరదా ఏమిటే?" అంది అత్తగారు ఫోన్లో.

పక్కవీధిలో గోడ కడుతున్న ముసలి మేస్త్రీని అడిగింది. "కొత్తవి కొనడమెందుకమ్మా? ఉన్న బండలే తిరగేసి పరుచుకో. అడుగువైపు ఎండా వానా ఎరగదుగా, కొత్తగానే ఉంటుంది," అన్నాడు. వాలు ఎటు తీయాలో చెప్పి, వాలు సరిచూసుకోడానికి తన పాత రసమట్టం ఎరువిచ్చాడు.

పది ఆదివారాలు పట్టింది. ఇంటిపని ముగించుకుని, మధ్యాహ్నాలు గునపం పట్టుకునేది. ఒక్కో బండనూ పెకలించి, కింద ఇసుక సరిచేసి, మట్టం పెట్టి చూసి, కుదరకపోతే మళ్లీ ఎత్తేది. "ఆ చప్పుడేమిటి, టీవీ వినిపించడం లేదు," అని ఆయన తలుపు మూసుకునేవాడు. ఆమె పనిచేసే కంటి ఆసుపత్రి కౌంటర్లో సోమవారం పొద్దున, "ఆ గోళ్లేంటమ్మా, పేషెంట్లు చూడరూ?" అన్నాడు సూపరింటెండెంట్. ఆమె చేతులు టేబుల్ కిందికి లాక్కుంది. మరుక్షణమే, ఎందుకు లాక్కున్నానా అని తన మీద తనకే కోపమొచ్చింది. ఎవరికైనా చెప్పుకుందామంటే ఎవరున్నారు? బండలతో మాట్లాడటం అలవాటైంది. "నువ్వు కాస్త జరగవే తల్లీ," అనేది.

గేటుకి వేయగా మిగిలిన రంగు పాత కుర్చీలకు వేసింది. టీ పెట్టి ఆయన్ని పిలిచింది. ఆయన గడపదాకా వచ్చి, "బాగానే ఉంది. దోమలుంటాయి," అని లోపలికెళ్లిపోయాడు. రెండు కప్పులూ చల్లారిపోయేదాకా ఆమె ఒక్కతే కూర్చుంది.

తర్వాతి వారం ఆయన ఆఫీసు స్నేహితుల్ని పిలిచాడు. గచ్చు మీద కుర్చీలు వేశారు. ఆమె వంటింట్లో ఉండగా ఆయన మాటలు వినిపించాయి.

"మొత్తం మేమే చేసుకున్నాం. కూలీ ఒక్కడు లేడు. నా నడుం పడిపోయిందనుకోండి."

"మా పెరట్లో నీళ్లన్నీ గోడకే చేరుతున్నాయ్. వాలెంత తీశావేంటి?" అడిగాడు వాళ్లలో ఒక బట్టతలాయన.

"వాలా..." గొంతు పెంచాడు. "ఏమోయ్, వాలెంత పెట్టాం మనం?"

ట్రే పట్టుకుని వస్తున్న ఆమె గుమ్మంలో ఆగింది. మనం. ఆ మాట కోసమే కదా పది ఆదివారాలు! ఒక్క క్షణం చెవులకు తియ్యగానే వినిపించింది.

"మీరెంత పెట్టారో నాకెలా తెలుస్తుందండీ?" అంది. "నేను పెట్టింది గజానికి అరంగుళం."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. బట్టతలాయన మాత్రం జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. ఇసుక గురించీ అడిగాడు. ఆమె నిలబడే అన్నీ చెప్పింది. కూర్చోమనాలని ఎవరికీ తోచలేదు.

అందరూ వెళ్లాక ఆయన వంటింట్లోకొచ్చాడు. "నలుగురిలో పరువు తీశావ్. మనం అనే అన్నాగా, నిన్ను వదిలేశానా?"

"మనం అనాలంటే ఇద్దరుండాలండీ. అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను," అంది కప్పులు కడుగుతూ.

ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఏ మాటలు తగ్గాయో ఆమెకు పెద్దగా తెలియలేదు.

ఐదో రోజు ఫోన్ మోగింది. బట్టతలాయన భార్య.

"అక్కా, మా ఆయన ఏదో కాగితం తెచ్చిచ్చారు. ఒక్క ముక్క అర్థం కావట్లేదు. చేయాల్సింది నేనేగా! ఆదివారం ఒక్కసారి వస్తారా?"

నువ్వు రావాలి అని ఎవరైనా తనను పిలిచి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. "పొద్దున్నే వచ్చేస్తాను. సాయంత్రందాకా ఉంటాను," అంది.

భర్త పేపరు దించాడు. "ఆదివారమా? మరి వంట?"

ఆమె ఆయన వంక చూసింది. మొదటిసారి పనిలోకి దిగేవాణ్ణి చూసినట్టు, కాస్త జాలిగానే చూసింది.

"కంగారుపడకండి," అంది. "చేస్తుంటే అదే వస్తుంది."