ఒక్కరికే చెప్పిన హెచ్చరిక

కార్యాలయంలో అందరూ ఆయనను లెక్కలాయన అనేవారు. కాలం చెల్లిన ఉపగ్రహాలు ఎప్పుడు, ఎక్కడ నేల రాలతాయో అంచనా కట్టడం పదిహేనేళ్లుగా ఆయన పని. ఆ విభాగపు ముఖ్యమైన నియమాన్ని రాసింది కూడా ఆయనే: చివరి గంటల్లో విమానాలకూ ఓడలకూ తప్ప మరెవరికీ కబురు వెళ్లకూడదు. అంచనాలో పది నిమిషాల తేడా నేల మీద నాలుగు వేల కిలోమీటర్లవుతుంది. అంత మేర జనాన్ని హడలగొడితే, శకలం తగిలి పోయేవారి కంటే పరుగుల్లో పోయేవారే ఎక్కువ. ఈ వాదనలో ఆయనకు ఇప్పటికీ తప్పు కనబడదు.

ఆ ఉదయం తెర మీద చివరి దారి గీత పడింది. రెండు టన్నుల ఉపగ్రహం. మూడేళ్లుగా ఉలుకూ పలుకూ లేదు. మిగతాదంతా గాలిలో మండిపోయినా టైటానియం ఇంధన ట్యాంకు మాత్రం కాలదు.

"మన ముసలమ్మ పోతూ పోతూ కూడా గిన్నె వదలట్లేదు సార్," అంది పక్క కుర్చీలోని సహాయకురాలు.

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. తెర మీది ఆ గీత తన అక్క ఉండే ఊరి మీదుగా వెళుతోంది. మెట్ల మలుపులోకి వెళ్లి ఫోన్ చేశాడు.

"ఏరా, పనివేళలో ఫోనా! లెక్క గానీ తప్పావా?"

"అక్కా, పాపను తీసుకుని కింద సెల్లారుకి వెళ్లు. పదకొండు దాటేదాకా పైకి రాకు."

"పొయ్యి మీద పాలున్నాయిరా."

"ఆపేసి వెళ్లు. ఎందుకని అడక్కు."

అవతల పొయ్యి ఆర్పిన చప్పుడు వినబడింది. "పైనించి ఏదైనా పడుతోందా?"

"పడకపోవచ్చు. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు పడదు."

"అయితే ఎదురింటి టీచరమ్మని కూడా దింపుతా. మోకాళ్లు పనిచేయవు పాపం, టైం పడుతుంది."

"వద్దు. ఎవరికీ చెప్పకు. ఒకరికి చెబితే వీధంతా రోడ్డు మీదుంటుంది."

"అంటే నేనూ నా కూతురూ బతికితే చాలా నీకు?"

ఆయన గడియారం చూసుకున్నాడు. "వెళ్లక్కా," అన్నాడు.

తిరిగి కుర్చీలో కూర్చున్నాక గానీ తాను చేసిన పని ఆయనకు అర్థం కాలేదు. ఇన్నేళ్లూ 'ఎవరో ఒకరు' అని రాసుకున్న చోట అక్క ముఖం కనబడింది. అంతే. అంకెలు అవే, వాటిని నమ్మిన మనిషే నిలబడలేకపోయాడు.

ట్యాంకు అక్క ఊరు దాటి, అదే గీత మీద, రెండు వందల కిలోమీటర్ల అవతల ఒక లాండ్రీ రేకుల షెడ్డును చీల్చుకుని పడింది. ఇస్త్రీ చేస్తున్న ఒక స్త్రీ అక్కడికక్కడే పోయింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసి ఒకే మాట అంది: "టీచరమ్మ మొహం చూడలేకపోతున్నానురా." ఆ తరువాత ఆమె ఫోన్ ఎత్తలేదు.

తొమ్మిదో రోజున, చనిపోయిన స్త్రీ వాళ్ల అన్నయ్య కార్యాలయానికి వచ్చాడు. లారీ మెకానిక్. అక్కడి పద్ధతి ప్రకారం బాధితులకు ఎదురుగా కూర్చుని జవాబు చెప్పవలసింది అంచనా కట్టిన మనిషే. జవాబు మాత్రం పై అధికారులు టైపు చేసి పంపారు: 'ముందుగా ప్రజల్లో ఎవరికీ తెలియజేయలేదు. అందరినీ సమానంగా చూశాం.'

గది బయట సహాయకురాలు గొంతు తగ్గించింది. "చదివేసి లేచిరండి సార్. మెట్ల దగ్గర నేనేమీ వినలేదు."

చదివితే ఉద్యోగం నిలుస్తుంది. నియమం కూడా నిలుస్తుంది. ఎదుటి మనిషికి మాత్రం అబద్ధం చెప్పినట్టవుతుంది.

మెకానిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు. గోళ్ల చుట్టూ నల్లటి గ్రీజు. "ఒక్కటే అడుగుతా సార్. అది వస్తోందని మీకు ముందే తెలుసా?"

"కచ్చితంగా ఎక్కడో తెలియదు. ఏ దారిన వస్తుందో తెలుసు."

"తెలిసీ ఎవరికీ చెప్పలేదా?"

జవాబు చేతిలోని కాగితం మీదే ఉంది. లెక్కలాయన దాన్ని బల్ల మీద బోర్లించాడు.

"మా అక్కకు చెప్పాను, సెల్లారుకి దిగమని."

మెకానిక్ అరుస్తాడని లెక్కలాయన అనుకున్నాడు. అతను అరవలేదు.

"దిగిందా ఆవిడ?"

"దిగింది."

లెక్కలాయన కాగితం వెనుక ఖాళీలో తాను ఫోన్ చేసిన సమయం, చేసింది ఎవరికన్నదీ రాసి, సంతకం పెట్టి అతని ముందుకు జరిపాడు. ఉద్యోగం ఆ సంతకంతో ముగిసిందని ఆయనకు తెలుసు. కానీ తేలిక పడుతుందనుకున్న గుండె తేలిక పడలేదు.

మెకానిక్ కాగితాన్ని ముట్టుకోకుండానే వంగి చూశాడు.

"తొమ్మిదీ పది," అని చదివాడు. "అప్పటికి మా చెల్లి ఇంకా ఇంట్లోనే ఉంది సార్. దానికీ ఫోనుంది. మొదటి రింగుకే ఎత్తేది."