టవల్ తీసి తూచాలి

కాన్పుల వార్డులో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన నర్సమ్మకి ఒక్కటే గర్వం. అప్పుడే పుట్టిన బిడ్డని చేతుల్లోకి తీసుకుందంటే బరువు చెప్పేసేది. తర్వాత తూచి చూస్తే పది గ్రాములు అటూ ఇటూ, అంతే. డాక్టర్లు సైతం నోరెళ్లబెట్టేవారు. అలాంటి మనిషికి సొంత మనవరాలు ఇప్పుడెంత బరువుందో తెలీదు.

ఎందుకంటే పిల్ల పుట్టిన వారానికి, సరిగ్గా కూతురి కళ్లెదుటే, నర్సమ్మ చేతిలోంచి నీళ్ల గ్లాసు జారిపడింది. చేతులు కాస్త వణుకుతున్న మాట నిజమే. అరవై ఐదు దాటాక వణక్క ఏం చేస్తాయి? ఆ రోజు నుంచి కూతురు పిల్లని ఇవ్వడం మానేసింది. ఇవ్వనని అనదు. "నీకెందుకమ్మా శ్రమ, కూర్చో" అంటుంది. ఆ మాటకి నర్సమ్మకి ఒళ్లు మండిపోతుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది. ఏడిస్తే చేతులు ఇంకా వణుకుతాయని ఆపుకుంటుంది.

ఇప్పుడు పిల్లకి రెండు నెలలు. శనివారం ముగ్గురూ సూపర్ మార్కెట్‌కి వెళ్లారు. పిల్ల కూతురి గుండెకి గుడ్డసంచిలో కట్టి ఉంది. నర్సమ్మకి బండి తొయ్యడం దక్కింది. ఉక్రోషంతో ఒక బాదంపప్పు డబ్బా అందుకుని అరచేతిలో పెట్టుకుంది. మందపాటి ప్లాస్టిక్, బిగుతైన మూత. లేబుల్ మీద 'నికర బరువు 500 గ్రాములు' అని ఉంది.

"ఇది సరిగ్గా అయిదొందలుందే," అంది మొహం చిట్లించి.

"మంచిదేగా?"

"మంచిదేమిటి నీ మొహం! సరిగ్గా ఉండకూడదు. మరి డబ్బా బరువేమైనట్టు?"

కూతురు తల పట్టుకుంది. "అమ్మా, అందరూ చూస్తున్నారు."

చూస్తున్నవాళ్లలో మేనేజర్ కూడా ఉన్నాడు. టై సర్దుకుంటూ వచ్చి, డబ్బా తీసుకుని కాటా మీద పెట్టాడు. అయిదు వందలు.

"చూశారా అమ్మగారూ? గ్రాము తేడా లేదు. మూత బిగించి, తూచి, అప్పుడే లేబుల్ వేస్తాం."

"మూత బిగించాకా తూస్తారు?"

"అవునండీ. పని తొందరగా అవుతుందని నేనే పెట్టించాను ఆ పద్ధతి."

నర్సమ్మ మొహం వెలిగిపోయింది. "మా వార్డులో కొత్తగా చేరినవాళ్లంతా ఇదే తప్పు చేసేవాళ్లు బాబూ. బిడ్డని టవల్‌తో సహా తూచేసి, భలే బొద్దుగా పుట్టాడని సంబరపడిపోయేవాళ్లు. టవల్ తియ్యి."

మేనేజర్ అయోమయంగా తన భుజం చూసుకున్నాడు. అక్కడ టవల్ లేదు. నర్సమ్మే మూత తీసి, పప్పంతా కాటా పళ్లెంలో పోసింది. నాలుగు వందల ముప్పై.

"డెబ్బై గ్రాముల ప్లాస్టిక్‌ని బాదం రేటుకి అమ్ముతున్నావన్నమాట."

వరసలో నిలబడ్డ పెద్దాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నేనిలాంటివి ముప్పై కొన్నానమ్మా! అంటే రెండు కిలోల ప్లాస్టిక్ తిన్నానా?"

"తినలేదండీ, కొన్నారు," అంది నర్సమ్మ ఓదార్పుగా.

ఇక చూడాలి గోల. ఎండుద్రాక్ష, జీడిపప్పు, వేరుశనగ, ఎవరి డబ్బా వాళ్లు పట్టుకుని నర్సమ్మ చుట్టూ మూగారు. ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి. వణుకుతూనే ఒక్కోటీ అందుకుని లోపలి సరుకెంతో చెప్పింది. మేనేజర్ విప్పి తూచాడు. ఆరింటికి ఆరూ ఆమె చెప్పినట్టే వచ్చాయి. అతను టై వదులు చేసుకుని, ఆ అలమరలో డబ్బాలన్నీ దింపించి, ఫిర్యాదుల పుస్తకం తానే తెచ్చిపెట్టాడు.

కూతురు ఇదంతా కళ్లార్పకుండా చూసింది. సంచి ముడి విప్పింది.

"అమ్మా, దీన్ని పట్టుకో. ఫిర్యాదు నేను రాస్తాను."

అంది గానీ రాయలేదు. పిల్లని అందించి, కింద తన రెండు చేతులూ కాపలాగా పెట్టి నిలబడింది. నర్సమ్మ మనవరాలిని ముంజేతి మీదికి తీసుకుంది. లెక్క తప్పలేదు.

"నాలుగు కిలోల ఆరొందలు."

"మొన్న క్లినిక్‌లో నాలుగు కిలోల ఎనిమిదొందలన్నారమ్మా."

"బట్టలు, డైపర్ తీశారా?"

కూతురు ఆలోచించింది. "లేదు."

"మరి?"

కూతురు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే, పిల్ల కింద పెట్టిన చేతులు తీసేసింది.