పదిహేను వందల మీటర్లు

కారు తాళం కోసం జేబులో చెయ్యి పెడితే మెమరీ కార్డు తగిలింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ కార్డు ఉండాల్సింది నా జేబులో కాదు, ఆకాశంలో ఇంజను లేకుండా ఎగురుతున్న తమ్ముడి గ్లైడర్‌లో, వాడి ముందున్న మ్యాప్ తెరలో. తూర్పున యుద్ధ విమానాల విన్యాసాలున్నాయని, నిన్నటిదాకా పద్దెనిమిది వందల మీటర్లున్న ఎత్తు హద్దును పదిహేను వందలకు దించామని పొద్దున పోటీ మీటింగులో చెప్పారు. ఆ కొత్త హద్దులన్నీ ఈ కార్డులోనే ఉన్నాయి. దాన్ని తెరలో పెట్టడం పదకొండేళ్లుగా నా పని. ఈరోజు మాత్రం రెక్కల అతుకులకు తెల్ల టేపు అంటిస్తూ, "నా టేపు ఎవర్రా చింపింది? ఇక్కడ ఎలుకలు తిరుగుతున్నాయా?" అని వాడి మీద ఎగురుతూ మరిచిపోయాను. నాకు నోరున్నంత బుర్ర లేదు.

హద్దు దాటితే ఆ రోజుకి సున్నా. ఇది ఆఖరి రోజు, వాడు ముప్పై ఒక్క పాయింట్లు ముందున్నాడు. గెలిస్తే జాతీయ జట్టులో చోటు. వాడికి వచ్చే ఏడాదంటూ లేదు, చూపు మందగిస్తోంది, ఆ కళ్లతో ఇక పోటీలు వద్దని డాక్టరు చెప్పేశాడు.

స్కోరు గదికి పరుగెత్తాను. అక్కడి తెర మీద కనిపించేది పావుగంట కిందటి సంగతి. అందులో వాడి చుక్క పదమూడు వందల ఎత్తులో తూర్పుకు తిరిగి, పైకి లేస్తోంది. అంటే ఈపాటికి హద్దు దగ్గరే ఉంటాడు.

"మాస్టారూ, రేడియోలో ఒక్క మాట చెప్పాలి!" స్కోరు వేసే ఆయన్ని మేమంతా లెక్కల మాస్టారు అంటాం.

"అది బయటి సాయం కిందికొస్తుందమ్మా. వంద పాయింట్లు కోస్తారు. రెండు నిమిషాలు ఆగు, డైరెక్టరుగారిని అడిగొస్తా. ఆయనే హెచ్చరిస్తే కోత ఉండదు."

ఆయన అటు వెళ్లాడు. రెండు నిమిషాలు ఆగే ఒళ్లు కాదు నాది. వాడు విమానాలకు అడ్డంగా వెళ్తున్నట్టే కళ్లకు కట్టింది. మైకు లాక్కున్నాను.

"తమ్ముడూ, పదిహేను వందలు దాటకు! కార్డు నా దగ్గరే ఉండిపోయిందిరా!"

పోటీలో ఉన్న నలభై మందీ విన్నారు. కాసేపటికి "విన్నానక్కా" అని మాత్రం వచ్చింది. మాస్టారు తిరిగొచ్చి, "ఒప్పుకున్నారమ్మా" అంటూ నా చేతిలో మైకు చూసి ఆగిపోయాడు.

ఆ రోజు అందరికన్నా ముందు దిగింది మా వాడే. వంద పాయింట్ల కోత పోగా మొత్తమ్మీద మూడో స్థానం.

గ్లైడర్ దగ్గరికి వెళ్లాను. వాడు పై మూత తీసి అలాగే కూర్చున్నాడు.

"ఎంత ఎత్తుకెళ్లావురా?"

"పద్నాలుగు వందల యాభై. అంతకు మించలేదు."

"నేను చెప్పాక ఆపావా?"

వాడు వేలితో ముందుకు చూపించాడు. మ్యాప్ తెర పైన తెల్ల టేపు ముక్క ఒకటి అంటించి ఉంది. దాని మీద నీలం పెన్నుతో పెద్దగా 1500 అని రాసి ఉంది.

"ఎక్కగానే చూశా, తెరలో పాత హద్దులే ఉన్నాయి," అన్నాడు. "అసలే టేపు పోయిందని గోల చేస్తున్నావు. ఇదీ చెబితే రోజంతా ఏడుస్తావని ఊరుకున్నా."

నేను ఏడవకూడదని నోరు మూసుకున్నాడు వాడు. నేను మాత్రం మూసుకోలేకపోయాను.