ఘోషా వాకిలి

గ్రీష్మము ముదిరి పినాకినీనది తన జలసంపదనంతయు నిసుకగర్భమున దాచికొని శుష్కశయ్యాగతయైన విరహిణివలె నుండెను. మధ్యాహ్నమార్తాండుని ప్రచండకిరణములకు వెఱచి విహంగములు తుమ్మకొమ్మల సందుల నొదిగియుండ నల్లఱాతిగుట్టలు కొలుములవలె వేడిమి గ్రక్కుచుండ నేటియిసుకలో చెలమలు త్రవ్వి నీరు ముంచుకొను స్త్రీల బిందెల చప్పుడు దప్ప నన్యధ్వని వినరాని యా వేళ నమరగిరిపట్టణము కన్నులు మూసికొని తపమొనరించుచున్నట్లు తోచుచుండెను. ఆ పట్టణపు పెద్దబజారున కభిముఖముగా సున్నపు దెల్లదనముతో మెఱయు కట్టడ మొకటి గలదు. అది పురపాలకసంఘమువారి స్త్రీవైద్యశాల. దానికి బజారువైపున విశాలమైన ద్వార మొక్కటియే కలదు.

ద్వార మొక్కటియే యగుటకు గారణము గలదు. సంఘాధ్యక్షుడును న్యాయవాదిశ్రేష్ఠుడునైన తాడిమఱ్ఱి అనంతయ్యగారి యేకైకపుత్రిక సరస్వతి ప్రథమప్రసవవేదనయందు మంత్రసానుల చేతులలోనే కన్నుమూసెను. పుత్రికాశోకదందహ్యమానమానసుడైన యా తండ్రి తన యార్జనలో పెద్దపాలు వెచ్చించి యిట్టి చావు మఱియొక యింట గలుగకుండుగాక యని సంఘముపేర నా వైద్యశాలను గట్టించెను. అప్పుడు పట్టణమందలి పెద్దలు కొందఱు తమ యింటి స్త్రీలు ముందువాకిట వచ్చునట్లును తక్కినకులములవారు పెరటివాకిట వచ్చునట్లును రెండు ద్వారములుంచుమని పట్టుపట్టిరి. అనంతయ్య యంగీకరింపలేదు. నొప్పులకు గులములేదనియు నాసుపత్రికి రెండు వాకిండ్లు లేవనియు జెప్పి యొంటరిగా నిలిచెను. బంధువులు శుభకార్యములకు బిలుచుట మానిరి. మిత్రులు దారిలో ముఖము త్రిప్పికొనిరి. అయినను ద్వార మొక్కటియే నిలిచెను. నాటినుండి యాయన యా బజారున బోవునపు డెల్ల నా ద్వారమువంక జూచి తన కూతురే గడపమీద నిలిచి నవ్వుచున్నట్లు తృప్తినొందుచుండెను.

ఆ వైద్యశాలకు నెల్లూరినుండి వచ్చిన దేవసహాయము రత్నమ్మగారు వైద్యురాలు. మితభాషిణి. ఆమె యొకనాటి సాయంకాలము అనంతయ్యగారి యింటికి వచ్చి వైద్యశాల తెఱచినది మొదలు కోటవీధి ముసల్మానుల యిండ్లనుండి పరపురుషుల కంటబడని ఘోషాస్త్రీ యొక్కతెయైన గడపద్రొక్కలేదనియు, వారిలో ప్రసవమరణములు మునుపటివలెనే జరుగుచున్నవనియు విన్నవించెను. ద్వారము బజారునకు దెఱచియుండుటయు, బండ్లవాండ్రును తమలపాకుల యంగడివాండ్రును బేరములకు వచ్చినవారును దినమంతయు దానియెదుట గూడియుండుటయు గారణములని తెలిపెను. అనంతయ్య యామె మాట శ్రద్ధతో విని, వారు క్రమముగా నలవాటుపడుదురని యూరడించి పంపెను.

కాని యా మాట యంతటితో నాగలేదు. సంఘమున నేకైక ముసల్మాను సభ్యుడగు ఖాదర్ మొహిద్దీను సాహేబు, తివాచీలవంటి జంకాణములు నేయించి యమ్ము వర్తకుడు, సభలలో నెన్నడును గొంతెత్తనివాడు, ఆ నెల సమావేశమున లేచి తూర్పుసందువైపున నొక చిన్నవాకిలి తెఱచి దానిముందొక యడ్డుగోడ గట్టించి తెరకట్టిన బండి లోపలిదాక వచ్చునట్లును నచ్చట బురుషులు మెలగకుండునట్లును జేయవలసినదని ప్రార్థించెను. వెంటనే సభ రెండుగా జీలెను. ప్రజాధన మొక మతమువారి యాచారమునకు వెచ్చింపరాదని కొందఱనిరి. పాఠశాలాధ్యాపకుడొకడు ఘోషాకు గోడగట్టుటకంటె ఘోషాను మానుమని బోధించుటయే యుపకారమని వాదించెను. మొదట రెండు ద్వారములు గోరినవారిలో ముఖ్యుడగు గుండ్లూరి కోదండపాణి మాత్రము చిఱునవ్వుతో లేచి సాహేబుగారి కోరికను దాను మనఃపూర్వకముగా బలపఱతుననియు వారి యాచారమున కొక వాకిలి యిచ్చినవారు తమ యాచారమునకు మఱియొకటి యియ్యక తప్పదనియు బలికెను.

అనంతయ్య మొహిద్దీనువైపు దిరిగెను. తాను సర్వస్వము నొడ్డి నిలిపిన యొక్క ద్వారము తన కన్నులయెదుటనే ముక్కలగునట్లు తోచెను. "సాహేబుగారూ, మీ మతమునెడ నాకు వైమనస్యము లేదు. కాని యా గోడలో నొక కంత చేసినచో రెండవదాని నాపుట నావలన గాదు" అనెను.

మొహిద్దీను తలవంచి "అయ్యా, తమరు న్యాయమే పలికితిరి. ఆ న్యాయము మా యిండ్లలో నాడువాండ్రదాక రావలెనన్న బజారు దాటవలెను గదా" యని మాత్రమనెను. ఆ విషయము పైసమావేశమునకు వాయిదాపడెను.

ఇంతలో నా ప్రస్తావము సభాభవనము వెడలి యూరిమీద బడెను. అంగళ్లయొద్దను నదియొడ్డునను నదియే మాట. మసీదునందును మాటభేదము గలిగెను. ఘోషాస్త్రీలకు ఆసుపత్రి యేల యని యొకరిద్దఱు వృద్ధులు మొహిద్దీనునే నిందించిరి. ఆయన యిరువైపుల మాటలును బడుచు దుకాణము నడపుకొనుచుండెను.

అట్లుండ నొక పగటివేళ, వడగాలి దుమ్మురేపుచుండ నెఱ్ఱతెరలు గట్టిన యొంటెద్దుబండి యొకటి వచ్చి వైద్యశాల ముందు నిలిచెను. అనంతయ్య యపుడు వైద్యశాల నూతిమరమ్మతు చూచుటకై వచ్చి వరండాలో నుండెను. బండిలో ప్యారంబీ యను వృద్ధయు నామె కోడలు జైనబ్బీయు నుండిరి. కోడలికి నొప్పులారంభమై రాత్రి గడచి పగలు నడిమికి వచ్చినను బిడ్డ పుట్టకపోవుటచే మంత్రసాని చేతులెత్తివేసెనట. రత్నమ్మగారు పరుగున వచ్చి దింపుడనెను. బజారుజనులు వింతచూడ వచ్చి చుట్టు మూగిరి. వారియందు దుర్బుద్ధి లేదు. కుతూహలము మాత్రమే కలదు. తెరలోనుండి యొక చేయి బయటికి వచ్చి జనుల సందడికి మరల లోనికి బోయెను.

అనంతయ్య మెట్లు దిగి జనులను దూరముగా బొమ్మనెను. వారు నాలుగడుగులు వెనుకకు బోయి మరల నిలిచిరి. ఒక గుడ్డలవర్తకుడు జాలిగొని తన యంగడిలోని గుడ్డతానొకటి విప్పి పంపగా దానిని దారికిరువైపుల బట్టి తెరగా జేయబోయిరి. వడగాలి దానిని లాగి జెండావలె నెగురవేసెను. మరల బట్టిరి. మరల నెగిరెను. ఆ వేదనయందును జైనబ్బీ దిగలేదు. తుదకు రత్నమ్మగారు వేడినీళ్లతో బరికరములతో తానే బండిలోని కెక్కెను. అనంతయ్య యా యెండలో బండికి వీపుద్రిప్పి బజారునకు ముఖముపెట్టి కావలివానివలె నిలిచెను. వెనుకనుండి వచ్చు నార్తనాదము సరస్వతి కంఠమువలెనే వినబడుచుండెను.

చాలసేపటికి వైద్యురాలు చెమటతో దడిసిన దుస్తులతో దిగి వచ్చెను. "తల్లి బ్రదికినది. బిడ్డ దక్కలేదు. లోపలి గదిలోనైనచో దక్కియుండెడిదని ప్రమాణము చేయలేను. దక్కుటకు నెక్కువ యవకాశ ముండెడిదని చెప్పగలను" అనెను.

వృద్ధ ప్యారంబీ బండితెర సందున మేలిముసుగు సవరించుకొని యనంతయ్యతో మాటాడెను. ఆ గొంతున నిష్ఠురము లేదు. "తలుపు అందరిదేనని మాకు తెలుసు అయ్యగారూ. మేం కాదనం. ఆ తలుపుకాడికి వచ్చే నాలుగడుగులే నా కోడలికి చాతకాలేదు."

 అనంతయ్య యింటికి బోయి భోజనమునకు గూర్చుండియు విస్తరిముందునుండి లేచిపోయెను. తాను న్యాయము దప్పెనా యని తన్నుదానే ప్రశ్నించుకొనెను. తప్పినట్లు తోచలేదు. అయినను మనస్సు నిలువలేదు. ఆ వాకిలి తెఱచినచో కోదండపాణి నోరుమూయించుటకు మాట దొరకదనియు, తెఱవనిచో నా బండి రోదనము తన చెవిని వీడదనియు నాయన యూహించి యీ రెంటినడుమ నలుగుచుండెను. న్యాయస్థానమున నెదుటిపక్షపు సాక్షిని విచారింపక యభిప్రాయము చెప్పరాదని జూనియర్లకు దినదినమును బోధించు దాను, ఈ విషయమున నెవరిని విచారించితినని యడిగికొని మఱునాడు ప్రాతఃకాలముననే కోటవీధికి బోయెను.

మొహిద్దీను సాహేబే యాయనను ప్యారంబీ యింటికి దోడుకొనిపోయెను. చావడిలో జంకాణముపఱచి కూర్చుండబెట్టిరి. నడుమగది తెరవెనుక ప్యారంబీ కూర్చుండెను. అనంతయ్య మొదట బిడ్డవిషయమై విచారము దెలిపి, పిమ్మట తనకు గావలసినది మొగమోటము లేని సమాధానమని చెప్పి, వారు గోరునది కేవలము వాకిలియేనా, లేక లోపలను వేఱుగదియు వేఱుమంచములు గావలయునా యని యడిగెను.

"లోపల మాకు వేరే మంచమొద్దు సామీ. వేరే గిన్నె వద్దు. ఏ కులపామె పక్కన పండుకోమన్నా పండుకుంటాం. ఆడోళ్ల మధ్య మాకేం ఘోషా? లోపలికి వచ్చేదానికి దావ ఇస్తే చాలు."

ఆయన కొంత యాలోచించి, ఈ ఘోషాయే మెల్లమెల్లగా సడలించుకొనరాదా యని పాఠశాలాధ్యాపకుని ప్రశ్ననే మృదువుగా నడిగెను. ప్యారంబీ తెరవెనుకనుండియే బదులు పలికెను.

"ఆ మాట మీరూ మావాళ్లూ కూచోని తీరిగ్గా మాట్లాడుకోండి. నొప్పులు అంతదాకా ఆగవు కదా."

 అనంతయ్య లేచి తెరవైపు చేతులు జోడించి వెడలివచ్చెను. వచ్చుదారిలో తూర్పుసందులోనికి దిరిగి వైద్యశాల గోడప్రక్కన నిలిచి బండి తిరుగుటకు జోటు చాలునా యని తన చేతికఱ్ఱతో గొలిచి చూచెను.

పైసమావేశమునాడు సభాభవనము క్రిక్కిఱిసెను. ద్వారబంధములయొద్దను గవాక్షములయొద్దను జనులు నిలిచిరి. మొహిద్దీను తీర్మానము చదువబడినతోడనే కోదండపాణి తన సవరణను బెట్టెను. తూర్పువాకిలి ముసల్మాను స్త్రీలకైనచో దక్షిణమున నగ్రకులస్త్రీలకై యొక వాకిలి యుండవలెనని దాని తాత్పర్యము.

అనంతయ్య శాంతముగా "కోదండపాణిగారూ, మీ యింటి స్త్రీలు వైద్యశాలకు వచ్చుచున్నారా?" యని యడిగెను.

"వచ్చుచున్నారు."

"ఉన్న ద్వారమున వారికి గలిగిన యాటంక మేమి?"

కోదండపాణి తడుముకొని "వారికేమియు లేదు. వారితోగూడ నెవరెవరో వచ్చుచుండుటయే యాటంకము" అనెను. సభలో గుసగుసలు వ్యాపించెను.

అప్పు డనంతయ్య లేచి నిలిచి, తాను గత సమావేశమున బలికిన మాట పొరపాటనియు దానిని సభాముఖముననే వెనుకకు గొనుచున్నాననియు జెప్పెను. "తాము లోనికి వచ్చుటకు వాకిలి నడుగుట వేఱు. ఒరులు లోనికి రాకుండుటకు వాకిలి నడుగుట వేఱు. మొదటిదానివలన నీ యాసుపత్రి మఱికొందఱిదగును. రెండవదానివలన కొందఱిదే యగును. ఈ రెంటిని నేను మొన్న నొక్కటిగా జూచితిని. తూర్పువాకిలి ముసల్మానులదని వ్రాయవలదు. బజారున దిగుటకు వెనుదీయు స్త్రీ యెవతెయైనను దానినుండి రావచ్చును. లోపల మంచములవరుస యొక్కటియే" అనెను.

అధ్యాపకుడు లేచి, ఘోషావిషయమున దన యభిప్రాయము మాఱలేదనియు, అయినను వాకిలికి దాను సమ్మతించుచున్నాననియు జెప్పి కూర్చుండెను. సవరణ వీగిపోయెను. మూలతీర్మానమున కిరుపక్షముల సమ్మతులును సమానములుగా రాగా నధ్యక్షుడు తన నిర్ణాయకసమ్మతిని దానికి గలిపెను.

ఆ సమ్మతికి మూల్యము చెల్లింపవలసివచ్చెను. తరువాతి యెన్నికలలో అనంతయ్య యోడిపోయెను. ఒకప్పుడు కులమునకు గాకపోయెనన్నవారే యిపుడు మతమునకు గాకపోయెననిరి. కోదండపాణి యధ్యక్షుడయ్యెను. అయినను గట్టిన గోడను బడగొట్టించుటకు నతడు సాహసింపలేదు. ఏలయన నప్పటికే యతని బంధువర్గములోని పడుచుకోడండ్రు సైతము బజారుకన్నుల దప్పించుకొనుటకై యా సందువాకిటనే వచ్చుచుండిరి.

ఆశ్వయుజమాసమున నొకనాటి యపరాహ్ణము. సన్నని వాన కురిసి వెలిసెను. పినాకిని యెఱ్ఱనీటితో నిండుగా బాఱుచుండెను. పదవీభారము దొలగిన అనంతయ్య వాహ్యాళికై వెడలి తూర్పుసందునకు వచ్చెను. తెరబండి యొకటి యడ్డుగోడ చాటునకు బోయి యెద్దు మెడగంటల చప్పుడుతో నిలిచెను. ఎవరో దిగిరి. గాజులు గలగలలాడెను. ఎవరను సంగతి యాయనకు దెలియలేదు. తెలిసికొనబోలేదు. తాను కొలిచి కట్టించిన యా వాకిట దాను బ్రవేశింపరాదు. ఆయన గొడుగు ముడిచి యెదుటి యరుగుమీద గూర్చుండెను. కొంతసేపటికి గోడవెనుకనుండి యప్పుడే పుట్టిన శిశువు రోదనము వినవచ్చెను. దానికి బదులుగా మఱియొక శిశువు, దానివెంట నింకొకటి యేడువ నారంభించెను. ఏ తల్లి యే వాకిట వచ్చెనో యా యేడ్పులలో గుఱుతుపట్టుట యెవరితరమును గాదు. చూరునీరు చినుకుచినుకుగా రాలుచుండ నాయన కన్నులు మూసికొని వినుచు గూర్చుండెను.